ఒక్కసారి నవ్వు బిడ్డా: రూపం, గుణం, మధ్యలో క్యారెక్టర్

నన్ను చూడటానికి వచ్చిన మొదటి సంబంధంలో అబ్బాయి మేనత్త నా పేరు అడగలేదు, చదువూ అడగలేదు. చాయ్ కప్పు కింద పెట్టి, "ఒక్కసారి నవ్వు బిడ్డా" అంది. మంచిగానే అడిగింది, కోపంగా ఏమీ కాదు. మా నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది, మిగతావాళ్ళకు విడమరిచి చెప్పాలి. మా దగ్గర పెళ్ళిచూపుల్లో నవ్వమన్నారంటే పండ్లు చూపించమని. అంగడిలో ఎడ్లను కొనేటప్పుడు మూతి తెరిచి చూస్తారు కదా, కొంచెం మర్యాదగా అదే పని. నేను నవ్వాను. ముందు పండ్ల మీద పసుపు, ఆ పసుపు మీద గోధుమరంగు గీతలు, అన్నీ కనిపించాయి. "సరే, లోపలికి పో బిడ్డా" అంది. వారం తర్వాత మధ్యవర్తితో కబురొచ్చింది, పేరుబలం కుదరలేదట.

అబ్బాయిది మా పక్క ఊరే. అతని పండ్లూ అచ్చం నా పండ్ల లాగే ఉన్నాయి. అతన్ని ఎవరూ నవ్వమనలేదు.

"ఆడవాళ్ళను రూపం చూసి కాదు, గుణం చూసి గౌరవించాలి" అని చిన్నప్పుడు నేనే బడిలో వ్యాసం రాశాను, బహుమతిగా స్టీలు గ్లాసు ఇచ్చారు, ఇప్పటికీ అమ్మ దాంట్లోనే మజ్జిగ తాగుతుంది. ఈ మాటను కాదనేవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు. నన్ను నవ్వమన్న ఆ మేనత్త కూడా, అడిగితే, "అందం అన్నం పెడ్తదా?" అనే అంటుంది. ఇంతమంది ఒప్పుకున్న మాట ఒక్క ఇంట్లోనూ ఎందుకు నడవడం లేదు అనేది చాలా ఏళ్ళు నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు నాకు అనిపిస్తున్నదేమిటంటే, ఇక్కడ రెండు ముడులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రూపం ఒక మనిషి గురించి నిజంగా ఏం చెబుతుందో మనకు తెలియదు, అది మొదటిది. రెండోది, మనం గుణం అన్నప్పుడు దేన్ని గుణం అంటున్నామో ఎవరూ అడగరు. మొదటిది విప్పడం తేలిక, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నా పండ్ల సంగతే తీసుకోండి. మా వైపు భూమి కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. పాత బావులు ఎండిపోయి, బోర్లు లోతుకు పోయినకొద్దీ సమస్య ముదిరింది. తాగేనీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు, మా వైపు కొన్ని ఊళ్ళ బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పాలపండ్లు ఊడి వచ్చే శాశ్వత పండ్లు చిగుళ్ళ లోపలే తయారవుతుంటాయి, సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసులో ఈ నీళ్ళు తాగితే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు, ఆ తర్వాత గార పడుతుంది. పండు బయటికి వచ్చాక ఎంత తోమినా ఆ గార పోదు. నేను బొగ్గుతో తోమాను, ఉప్పుతో తోమాను, ఎవరో చెబితే ఇటుకపొడితో తోమి చిగుళ్ళు పగలగొట్టుకున్నాను. ఇంకా ఎక్కువ తాగినవాళ్ళకు ఎముకలే వంకర్లు పోయాయి, మా ఊళ్ళో నడుము వంగిపోయి కట్టె పట్టుకుని నడిచే నలభై ఏళ్ళవాళ్ళను చూస్తూనే పెరిగాం. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేస్తే, దాని పేరు ఏమిటో తెలుసా, నల్గొండ టెక్నిక్. మా జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలిసింది.

తర్వాత కృష్ణా నీళ్ళు వచ్చాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన పథకమే తర్వాత మిషన్ భగీరథ అయింది, నల్లా ఇంటిదాకా వచ్చింది. మా అక్క బిడ్డకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. దానికి ఊహ తెలిసేసరికే మా ఇంట్లో బోరునీళ్ళు తాగడం మానేశారు, అక్కవాళ్ళు దూరం నుంచి క్యాన్‌లు తెచ్చుకునేవాళ్ళు. దాని పండ్లు బియ్యపు గింజల్లా ఉంటాయి. అదే ఇల్లు, అదే రక్తం, అదే మాట తీరు కూడా (నోరు నాకంటే పెద్దది), మారింది నీళ్ళు మాత్రమే. అంటే ఆ రోజు మేనత్త నా నోట్లో చూసింది మా ఊరి చేతిపంపును. నా గురించి ఆమెకు తెలిసింది ఏమీ లేదు, నా ఎనిమిదేళ్ళలోపు మా నాన్నకు క్యాన్ నీళ్ళు కొనే స్తోమత లేదన్నది తప్ప.

రంగు సంగతీ అంతే, కాకపోతే దాని చుట్టూ కథ పెద్దది. అందరి చర్మంలోనూ రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒక్కటే, అవి మెలనిన్ ఎంత చేస్తాయన్న దాన్నిబట్టే తేడా. ఎండ ఎక్కువున్న చోట మెలనిన్ ఎక్కువుంటే చర్మానికి రక్షణ. మే నెలలో దేవరకొండ బస్టాండులో గంటసేపు నిలబడి చూడండి, ఈ నేలకు ఏ చర్మం పనికొస్తుందో తెలుస్తుంది. అయినా మన భాషలో తెలుపు మెప్పు, నలుపు క్షమాపణ. "ఎర్రగా బుర్రగా ఉంది" అంటే పొగడ్త. నల్లగా ఉంటే "రంగు తక్కువే గానీ కళ ఉంది" అంటారు. ఆ "గానీ" లేకుండా నల్లపిల్ల గురించి పూర్తయిన వాక్యం నేను మా చుట్టాల్లో వినలేదు.

దీనికి మూలం ఎండలోనే ఉంది. "నీడపట్టున పెరిగిన పిల్ల" అని మెచ్చుకుంటారు కదా, ఆ నీడ ఎవరికి దొరుకుతుంది? నాట్లకు, పత్తి ఏరడానికి, మిర్చి కోయడానికి పోయే ఇంటి ఆడపిల్లకు దొరకదు. పాలమూరు నుంచి ముంబైకో పూణేకో హైదరాబాద్‌కో కట్టడాల పనికి వలసపోయి తట్ట మోసినామెకు దొరకదు. తెల్లతోలు కావాలి అన్నప్పుడు చాలాసార్లు మనం అడుగుతున్నది పనికిపోని ఇంటి పిల్ల కావాలని, కులం మాట పైకి అనకుండా కులం కూడా అడుగుతున్నామని నా అనుమానం. పైగా దానికి రేటు ఉంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది, అయినా రంగు తక్కువైతే తులాలు పెరగడం ఎక్కడా ఆగలేదు. చామనచాయకు ఇంత, నలుపుకు ఇంకొంచెం అని ఎవరూ కాగితం మీద రాయరు, మధ్యవర్తి నోట్లో లెక్క ఉంటుంది. ఆడపిల్ల తండ్రికి రంగు అంటే అందచందాల విషయం కాదు, అప్పు విషయం.

ఆ అప్పు భయం మీదే క్రీముల వ్యాపారం నడిచింది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది, 2020లో పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. పేరు మారింది, అద్దం ముందు నిలబడే పిల్ల ఆశ మారలేదు. అంతకంటే ప్రమాదం మెడికల్ షాపులో డాక్టర్ చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ ట్యూబులు. మా పిన్ని కూతురు పెళ్ళికి మూడు నెలల ముందు అలాంటిదొకటి మొదలుపెట్టింది. రెండు వారాల్లో ముఖం నిజంగానే తెల్లబడింది, ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఆపితే మంట, రాస్తే మొటిమలు, చెంపల మీద ఎర్రటి సన్న నరాలు, గడ్డం మీద నూగు. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, అలవాటు పడ్డ చర్మం అది లేకపోతే భగ్గుమంటుంది. ఇలాంటివి చాలా వాటిని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పెళ్ళి ఫోటోల్లో మా చెల్లె తెల్లగా ఉంది. ఇప్పటికీ ఎండలోకి పోవాలంటే ముఖానికి చున్నీ చుట్టుకుంటుంది.

అందరూ చెడ్డవాళ్ళై ఇలా చేస్తున్నారా అంటే, కాదు. మన మెదడుకే ఒక జబ్బుంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1920లో ఒక సంగతి రాశాడు. సైన్యంలో అధికారులను తమ కింద పనిచేసేవాళ్ళ శరీర దారుఢ్యానికి, తెలివికి, నాయకత్వానికి, నడవడికకు వేరువేరుగా మార్కులు వేయమంటే, ఒకదాంట్లో ఎక్కువ వేసినవాళ్ళు అన్నింట్లోనూ ఎక్కువ వేసుకుంటూ పోయారట. దీన్ని హేలో ఎఫెక్ట్ అంటారు. దేవుడి పటాల్లో తల వెనక వెలుగుచక్రం ఉంటుంది చూడండి, అదే హేలో. 1972లో ఇంకో పరిశోధనలో ఫోటోలు చూపించి అడిగితే, అందంగా ఉన్నవాళ్ళది మంచి స్వభావమనీ, వాళ్ళకు మంచి ఉద్యోగాలు, మంచి సంసారాలు ఉంటాయనీ జనం చెప్పేశారు, ఉత్త ఫోటో చూసి. కలెక్టర్ బడికి వస్తే బొకే ఇవ్వడానికి ఏ పిల్లను ముందు నిలబెడతారో మనందరికీ తెలుసు. మొదటి వరుసలో నిలబడీ నిలబడీ ఆ పిల్లకు ధైర్యం వస్తుంది, వెనక వరుసలో పిల్లకు నోరు మూసుకోవడం వస్తుంది. నేను ఇంటర్ దాకా చున్నీ అడ్డం పెట్టుకునే నవ్వాను. "మౌనంగా ఉంటుంది, మంచి పిల్ల" అన్నారు నన్ను. నేను మంచిదాన్నై మౌనంగా లేను, పండ్లు కనబడతాయని మౌనంగా ఉన్నాను. చూడండి, రూపం చివరికి గుణం వేషం కూడా ఎలా వేసుకుందో.

ఇక రెండో ముడి. ఇది నిజంగా చిక్కుది.

"సరే, రూపం వదిలేద్దాం, క్యారెక్టర్ చూద్దాం" అని ఒక ఆడపిల్ల గురించి మన ఊళ్ళో అని చూడండి, ఏమవుతుందో. మగవాడికి క్యారెక్టర్ అంటే నిజాయితీ, మాట మీద నిలబడటం, అప్పు తీర్చడం. "వాడు తాగుతాడు గానీ క్యారెక్టర్ మంచిది" అన్న మాట కూడా విన్నాను. ఆడదానికి ఆ పదానికి ఒకటే అర్థం. ఎవరితో మాట్లాడింది, ఎన్నింటికి ఇంటికొచ్చింది, ఫోన్‌కు లాక్ ఎందుకుంది. పెళ్ళికి ముందు "ఎంక్వయిరీ" అని కిరాణా కొట్టు దగ్గర, కాలేజీ బస్సు దగ్గర చేసేది ఈ వాకబే. ఆ అమ్మాయి ఎవరి డబ్బైనా ఎగ్గొట్టిందా, అబద్ధాలాడుతుందా, మంచం పట్టిన నాయనమ్మను చూసుకుందా అని ఎవరూ అడగరు.

గుణవతి అన్న పాత మాటకు కూడా ఇలాంటి ఇరుకే ఉంది. పెళ్ళిళ్ళలో వల్లించే "కార్యేషు దాసీ" శ్లోకం గుర్తు చేసుకోండి. పనిలో దాసి, సలహాలో మంత్రి, రూపంలో లక్ష్మి, ఓర్పులో భూమి, భోజనంలో తల్లి, పడకలో రంభ. ఆరూ భర్తకు ఉపయోగపడేవే, అందులో రూపం కూడా తెలివిగా ఒక గుణమై కూర్చుంది. ఆమె నిజం చెబుతుందా, అన్యాయం చూస్తే ఏం చేస్తుంది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. కాబట్టి రూపం బదులు గుణం అని ఊరికే మార్చేస్తే, ఆడపిల్ల ఒక కొలబద్ద నుంచి ఇంకో కొలబద్ద కిందికి పోతుంది, అంతే. మొదటిదైనా నయం, ముఖం మీద ఉన్నదాన్ని చూస్తారు. రెండోది గాలిమాటల మీద నడుస్తుంది.

మా జిల్లా చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. చాకలి ఐలమ్మ, పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురునిలిచి తన పంటను, భూమిని కాపాడుకుంది. ఇప్పుడది జనగామ జిల్లా, అప్పట్లో నల్గొండ. 1895లో పుట్టి 1985లో పోయింది. ఆమె పోరాడే నాటికి యాభై ఏళ్ళ బట్టలుతికే మనిషి. ఆమె గురించి చెప్పేటప్పుడు ఆమె రంగు ఎవరికీ గుర్తుకు రాదు. కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట్లో పుట్టిన మల్లు స్వరాజ్యం తుపాకి పట్టింది, ఆమె తల మీద 10 వేల రూపాయల వెల కట్టారు, తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయింది, 2022 మార్చిలో పోయేదాకా గొంతు తగ్గలేదు. గుణానికి ఇంతకంటే గట్టి రుజువు ఏం కావాలి. కానీ 1951లో తెలంగాణ సాయుధ పోరాటం ఆగిపోయాక దళాల్లో తిరిగిన చాలామంది మామూలు ఆడవాళ్ళు ఇళ్ళకు వచ్చినప్పుడు ఏమైందో వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. మగవాళ్ళతో అడవుల్లో తిరిగి వచ్చింది కదా అన్న చూపు. ప్రాణాలకు తెగించిన ధైర్యం క్యారెక్టర్ లెక్కలోకి రాలేదు, ఎక్కడ పడుకుందన్నదే వచ్చింది. పేరున్న నలుగురిని నెత్తిన పెట్టుకుని, మిగతావాళ్ళను వాకిట్లోనే నిలబెట్టారు.

అయితే మనకు మనిషి గుణం కొలవడం చేతకాదా? బ్రహ్మాండంగా చేతనవుతుంది. మహిళా సంఘం మీటింగ్‌కు రండి.

మహబూబ్‌నగర్ జిల్లాలో 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో సంఘాలను మండల సమాఖ్యలుగా కట్టారు, ఉమ్మడి రాష్ట్రంలో తర్వాత వచ్చిన పొదుపు ఉద్యమానికి అది ఒక పునాది. పది నుంచి పదిహేను మంది ఆడవాళ్ళు, పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పులు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. తాకట్టు ఏమీ ఉండదు. తాకట్టు లేని చోట మనిషే తాకట్టు. అందుకే ఆ గుంపులో ఒక్కొక్కరి గుణం మీద ఎంత సూక్ష్మమైన లెక్క ఉంటుందో చెప్పలేను. మా అమ్మ పదేళ్ళకు పైగా సంఘంలో ఉంది, చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని విన్న మాటలు నాకింకా గుర్తు. "ఆమె కడ్తది గానీ ఆలస్యం అయితే ముందు చెప్పదు, దాక్కుంటది." "ఈమె ఆలస్యం చేస్తది, కానీ ముందే వచ్చి చెప్పుద్ది, ఈమెకు ఇయ్యొచ్చు." "ఫలానామె బ్యాంకు సార్‌తో గట్టిగ మాట్లాడ్తది, కానీ మన గుట్టు బయట చెప్తది, లీడర్‌గ పనికిరాదు." ఒకసారి పుస్తకాలు రాసే ఆమె లెక్కలో 640 రూపాయలు తేడా వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు. వచ్చే మీటింగ్‌లో తనే లేచి, నేను కూడిక తప్పు చేశాను అని చెప్పి, పత్తి ఏరిన కూలి డబ్బులు కొంగు ముడి విప్పి అక్కడే పెట్టింది. ఆ తర్వాత ఆమెను మార్చాలని ఎవరన్నా అంటే మిగతావాళ్ళు కొట్టినంత పని చేసేవాళ్ళు. ఆమె నల్లగా, పొట్టిగా ఉండేది, ఒకటి కొంచెం మెల్లకన్ను. ఇది నాకు ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది, అప్పుడు తట్టలేదు.

అదే ఆడవాళ్ళు, అదే సాయంత్రం, చాప చుట్టేస్తూ, "మా వోనికి సంబంధాలు చూస్తున్నం, పిల్ల జర ఎర్రగుంటే మంచిగుండు" అనుకునేవాళ్ళు.

నా వ్యాసం మొత్తం ఈ చాప దగ్గరే ఉంది. పది నిమిషాల్లో ఏం మారింది? సంఘంలో ఒకరినొకరు ఏళ్ళ తరబడి చూశారు, పెళ్ళిచూపుల్లో ఉండేది ముప్పావుగంట, ఆ టైములో కంటికి కనబడేది ముఖమే. ఇది నిజమే కానీ సగం నిజం. టైము లేకపోతే కల్పించుకోవచ్చు, పత్తి విత్తనాల ప్యాకెట్ కొనేముందు మనం నలుగురు రైతులను అడుగుతాం. అసలు సంగతి, సంఘం లీడర్ తప్పు చేస్తే మన డబ్బు పోతుంది, అందుకని ఆమె నిజాయితీ మనకు కావాలి. కోడలి నిజాయితీ ఎవరికి కావాలి? ఇంటి డబ్బు ఆమె చేతికి ఇవ్వం, పొలం పట్టా ఆమె పేరున చేయం, ఏ నిర్ణయంలోనూ ఆమెను అడగం. నిర్ణయాలు తీసుకోని మనిషికి వివేకం ఉందా లేదా అని చూడాల్సిన అవసరమే రాదు. ఆమె నుంచి ఇల్లు ఆశించేది పని, పిల్లలు, నలుగురిలో పరువు. పరువుకు ముఖం పనికొస్తుంది, పనికి అణకువ పనికొస్తుంది. అందుకే ఆ రెండే చూస్తారు. బాధ్యత ఇచ్చిన చోట గుణం దానంతట అదే లెక్కలోకి వస్తుంది, ఎవరూ నీతులు చెప్పక్కర్లేదు. నా స్టీలు గ్లాసు వ్యాసం దండగైంది ఇందుకే.

"అయితే అందం ఇష్టపడటం తప్పా?" అని మా తమ్ముడు అడిగాడు, వాడికీ సంబంధాలు చూస్తున్నారు. తప్పేం కాదురా, బతుకమ్మ రోజు మేమంతా గంట ముందే అద్దం దగ్గర కొట్టుకుంటాం, పట్టుచీర కట్టి పూలు పెట్టుకుంటే ఎవరికి బాగోదు. ఒకరికి ఒకరు నచ్చడం వేరు, పదిమంది చాయ్ తాగుతూ ఒక పిల్లకు మార్కులు వేయడం వేరు. నీకు నచ్చిందా లేదా అని నువ్వు చూసుకో, ఆమెకు నువ్వు నచ్చావా అని కూడా అడుగు. నీ బట్టతల మొదలైంది, అది కూడా ఆమెకు చెప్పు. వాడు అలిగాడు.

మొన్న అక్క బిడ్డకు ఒక సంబంధం వచ్చింది, నకిరేకల్ దగ్గర ఊరు. ఇంత చిన్న వయసులో పెళ్ళేమిటని నేను గొడవపడ్డాను, డిగ్రీ అయ్యాకే చేస్తాం, చూసి పోతే తప్పేముంది అని బావ ఒప్పించాడు. నవ్వమని ఎవరూ అనలేదు, అది ఎలాగూ నవ్వుతూనే ఉంది. ఎత్తు అడిగారు, నడవమన్నారు, చెప్పులు విప్పి నిలబడమన్నారు. అన్నీ చేసింది. తర్వాత "నువ్వేమైనా అడుగుతావా అమ్మా" అని అబ్బాయి వాళ్ళ నాన్న మర్యాదకు అన్నాడు. మామూలుగా ఏమీ లేదని తల అడ్డంగా ఊపాలి. ఇది అబ్బాయి వైపు తిరిగి, "మీరు లాస్ట్ టైం ఎవరికైనా సారీ ఎప్పుడు చెప్పారు?" అంది. అబ్బాయి వాళ్ళమ్మ వైపు చూశాడు. వాళ్ళమ్మ చాయ్ కప్పు వైపు చూసింది. కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత అబ్బాయి, కొంచెం గొంతు సవరించుకుని, "మొన్న దసరాకు... మా చెల్లెకు" అన్నాడు. "దేనికి?" అంది ఇది. చెప్పడం మొదలుపెట్టాడు, వాళ్ళ నాన్న టైమవుతుందని లేచాడు.

రెండు వారాలైంది. వాళ్ళు ఫోన్ చేయలేదు. పిల్ల మాత్రం ఆ చెల్లె విషయంలో ఏమైందో తెలుసుకోవాలని ఉందంటోంది.